మాటల వెనుక తర్కం: డి.వి.నరసరాజు హాస్యరచన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు సినిమా హాస్యచరిత్ర ప్రధానంగా నటుల చరిత్రగానే నమోదైంది. రేలంగి, రమణారెడ్డి, సూర్యకాంతం, అల్లు రామలింగయ్య పేర్లు ప్రజల జ్ఞాపకంలో నిలిచాయి. వారి నోట పలికిన మాటలను రాసినవారి కృషి అంతగా చర్చకు రాలేదు. గుంటూరు జిల్లా సత్తెనపల్లి ప్రాంతానికి చెందిన దాట్ల వెంకట నరసరాజు (1920–2006) ఈ లోటుకు ప్రధానమైన ఉదాహరణ. ఆయన హాస్యానికి మూలం మాటల గారడీ కాదనీ, అధికారాన్ని తర్కంతో ప్రశ్నించే మానవవాద దృష్టి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘పెద్దమనుషులు’, ‘గుండమ్మ కథ’, ‘రాముడు భీముడు’, ‘యమగోల’ చిత్రాల ఆధారంగా ఆ దృష్టి బలాన్నీ, పరిమితులనూ పరిశీలిస్తుంది.

కీలక పదాలు: డి.వి.నరసరాజు, హాస్యరచన, నవ్యమానవవాదం, సంభాషణ, అనుసరణ, గుంటూరు జిల్లా, తెలుగు సినిమా.

1. ప్రవేశిక:

తెలుగు సినిమా పేర్ల పట్టికలో ‘మాటలు’ అనే శీర్షిక కింద ఒక పేరు కనిపిస్తుంది. ఆ ఒక్క పదం ఎన్నో పనులను కప్పివేస్తుంది. కథలో ఏ పాత్రను ఉంచాలి, దేన్ని తొలగించాలి, ఏ సన్నివేశం ఎక్కడ ముగియాలి, ఎవరి మాటకు ఎవరు ఎదురు చెప్పాలి అనే నిర్ణయాలన్నింటిలోనూ రచయిత పాలుపంచుకుంటాడు. హాస్యచిత్రాల విషయంలో ఈ పాత్ర మరీ పెద్దది. దుఃఖాన్ని నటుడి ముఖం, నేపథ్యసంగీతం కొంతవరకు మోయగలవు. నవ్వు మాత్రం సందర్భం సరిగ్గా కుదిరితేనే పుడుతుంది. ఆ సందర్భాన్ని ముందుగా కాగితం మీద కుదిర్చేవాడు రచయిత.

సినిమా రచన ఉమ్మడి కృషి కావడంతో ఎవరి వాటా ఎంతో తేల్చడం పరిశోధకులకు కష్టమవుతుంది. నాటకానికి ముద్రిత ప్రతి ఉంటుంది. సినిమా సంభాషణల రాతప్రతి చిత్రీకరణ ముగిశాక సాధారణంగా నిలవదు. అయినా రెండు మార్గాలు మిగులుతాయి. ఒకటి, రచయిత భావనేపథ్యాన్ని తెలుసుకొని వేర్వేరు దర్శకులకు, సంస్థలకు ఆయన రాసిన చిత్రాలలో మళ్ళీ మళ్ళీ కనిపించే లక్షణాన్ని గుర్తించడం. రెండు, అనుసరణ చిత్రాలను మూలంతో పోల్చి మార్పులను లెక్కించడం. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి మార్గాన్ని అనుసరించి, అవసరమైన చోట రెండవదాన్ని ఉపయోగిస్తుంది.

2. నేపథ్యం – నల్లరేగడి నేల, హేతువాద వాతావరణం:

నరసరాజు 1920 జూలై 15న గుంటూరు జిల్లా సత్తెనపల్లి తాలూకా తాళ్ళూరులో జన్మించారు. పత్తి, మిరప వంటి వాణిజ్యపంటలకు పేరుపడిన మెట్టప్రాంతమిది. అమ్మకం కోసం పండించే పంట రైతును బజారుతో, అప్పుతో, దళారితో, కోర్టుతో ముడిపెడుతుంది. అటువంటి చోట మాట ఇవ్వడం, మాట తప్పడం, లెక్క చూపడం, లెక్క దాచడం నిత్యవ్యవహారాలు. నరసరాజు కథలలో ఆస్తి, పెత్తనం, పరువు అనే మూడు అంశాలు విడదీయరానంతగా పెనవేసుకొని ఉండడాన్ని ఈ నేపథ్యంలో చూడవచ్చు.

జిల్లాకు హాస్యసాహిత్య వారసత్వం కూడా ఉంది. తెనాలి సమీపంలోని సంగం జాగర్లమూడికి చెందిన మునిమాణిక్యం నరసింహారావు ‘కాంతం’ కథలతో దాంపత్యజీవితాన్ని నవ్వుల నెలవుగా మార్చారు. తెనాలి ఐతానగరంలో పుట్టిన చక్రపాణి (ఆలూరి వెంకట సుబ్బారావు) శరత్ నవలల అనువాదాల నుండి సినిమా రచనకు వచ్చి విజయా సంస్థ చిత్రాలకు ప్రత్యేకమైన హాస్యధోరణిని ఇచ్చారు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో రూపుదిద్దుకున్నది తెనాలిలోనే. నాటకం ఈ ప్రాంతంలో వినోదం మాత్రమే కాదు, వాదప్రతివాదాలకు వేదిక కూడా.

ఆ వాదాలకు పదును పెట్టినది హేతువాదం. త్రిపురనేని రామస్వామి పురాణాలను తిరిగి పరిశీలించి ప్రశ్నించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 1940లో ఎం.ఎన్.రాయ్ రాడికల్ డెమోక్రాటిక్ పార్టీని స్థాపించినప్పుడు గుంటూరు జిల్లా విద్యావంతులలో దానికి గట్టి ఆదరణ లభించింది. త్రిపురనేని గోపీచంద్, జి.వి.కృష్ణారావు, ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటివారు ఆ ఆలోచనతో నడిచారు. నరసరాజు కూడా రాయ్ ప్రభావంలో ఎదిగినవారే. 1948లో రాయ్ పార్టీని రద్దుచేసి, అధికారం కోసం పోటీపడే రాజకీయం కంటే వ్యక్తి వివేకాన్ని మేల్కొలిపే ఉద్యమమే ముఖ్యమని భావించారు. పార్టీ లేని ఉద్యమానికి సాహిత్యం, నాటకం సహజమైన క్షేత్రాలయ్యాయి.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. అదే దశకంలో ప్రజానాట్యమండలి ‘మా భూమి’ వంటి నాటకాలతో వేలాది ప్రేక్షకులను కదిలించింది. ఆ నాటకం పీడకుడి మీద ఆగ్రహాన్ని రగిలిస్తుంది. మానవవాద ధోరణికి చెందిన రచయిత దృష్టి వేరు. పీడకుడు తన పెత్తనాన్ని ఎలా సమర్థించుకుంటాడో చూపి, ఆ సమర్థనలోని డొల్లతనాన్ని బయటపెట్టడం అతని పని. మొదటిదానికి వీరరసం సరిపోతే రెండవదానికి హాస్యం సరిపోతుంది. ‘నాటకం’, ‘ఈ ఇల్లు అమ్మబడును’, ‘వాపస్’ వంటి రచనలతో నరసరాజు రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు.

3. పెద్దరికం మీద విచారణ – ‘పెద్దమనుషులు’:

నాటకరచయితగా పొందిన గుర్తింపే నరసరాజును దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గరకు చేర్చింది. చిత్రీకరణకు ముందే ప్రతి సన్నివేశం నిడివిని లెక్కగట్టే దర్శకుడాయన. రంగస్థలం మీద సంభాషణను సాగదీయడానికి అలవాటుపడిన రచయితకు అది కఠినమైన పాఠశాల. ఆ శిక్షణలో వెలువడిన తొలి చిత్రం ‘పెద్దమనుషులు’ (1954). ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకాన్ని ఆ చిత్రం పొందింది.

ఇబ్సెన్ 1877లో రాసిన ‘సంఘ స్తంభాలు’ నాటకం ఈ చిత్రానికి ప్రేరణగా ప్రసిద్ధి. నార్వే ఓడరేవు పట్టణంలోని ప్రముఖుడు తెలుగు పట్టణంలో పురపాలక సంఘాధ్యక్షుడు ధర్మారావు అయ్యాడు. ధర్మం ఆయన పేరులో ఉంది, నడతలో లేదు. ఊరి మేలు కోసమే పాటుపడుతున్నామని చెప్పే ప్రముఖుల బృందం ఆయన చుట్టూ చేరుతుంది. ఆ బృందాన్ని ప్రశ్నించే అధికారం చిత్రంలో ఒక వెర్రివాడికి దక్కింది. రేలంగి ధరించిన తిక్కశంకరయ్య పాత్ర ఈ చిత్రానికి కీలకం.

వెర్రివాడి నోట నిజం పలికించడం తెలుగువారికి కొత్త కాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క రామరావణుల కథ మధ్యలో దూరి ఊరి సంగతులు మాట్లాడతారు. రాజు ఎదుట ఎవరూ అనలేని మాటను వారు అంటారు. శంకరయ్య ఆ సంప్రదాయానికి దగ్గరివాడే, కానీ ఒక తేడా ఉంది. బొమ్మలాటలోని హాస్యగాడు కథకు బయట నిలుస్తాడు. అతను వెళ్ళిపోయినా రామాయణం ఆగదు. శంకరయ్య కథకు లోపలివాడు. అతనికి తెలిసిన నిజం పెద్దమనుషుల పరువుకు ముప్పు. ప్రేక్షకుడు మొదట అతన్ని చూసి నవ్వుతాడు, తర్వాత అతనితో కలిసి పెద్దమనుషులను చూసి నవ్వుతాడు. నవ్వు దిశ మారడమే ఈ చిత్రం చేసే రాజకీయ వ్యాఖ్య. బాపట్ల సమీపంలోని అప్పికట్లకు చెందిన కొసరాజు ఈ పాత్రకు రాసిన తత్త్వం తరహా పాట అదే పనికి తోడ్పడింది.

స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్ళయింది. 1952లో వయోజన ఓటుహక్కుతో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ప్రజాప్రతినిధి అనే కొత్త పెద్దమనిషి పాత పెద్దరికపు అలవాట్లతోనే కొనసాగవచ్చుననే హెచ్చరిక ఆనాడు సమయోచితం. రాయ్ కూడా పార్టీ రాజకీయాల గురించి ఇదే అనుమానాన్ని సిద్ధాంతంగా చెప్పారు. ఈ చిత్రం దాన్ని పట్టణపు వీధిలోకి దించింది. మరుసటి ఏడాది అన్నపూర్ణా సంస్థ తొలి చిత్రం ‘దొంగరాముడు’ (1955) కథనిర్మాణంలో కె.వి.రెడ్డి, దుక్కిపాటి మధుసూదనరావులతో కలిసి పనిచేసి, నరసరాజు మాటలు సమకూర్చారు. దొంగ అని ముద్రపడినవాడిలోని మంచితనం అక్కడ కథావస్తువైంది. పెద్దమనిషి ముసుగును తీయడానికి, దొంగ ముద్రను చెరపడానికి మూలసూత్రం ఒక్కటే: సంఘం వేసిన పేరును నమ్మవద్దు, పనిని చూడు.

4. ఇంటిలోని పెత్తనం – ‘గుండమ్మ కథ’:

1962 జూన్ 7న విడుదలైన ‘గుండమ్మ కథ’ విజయా సంస్థ చిత్రం. కమలాకర కామేశ్వరరావు దర్శకులు. విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ (1958) దీనికి ఆధారం. చక్రపాణి కథనాన్ని కొత్తగా అల్లగా, నరసరాజు మాటలు రాశారు. షేక్స్పియర్ ‘గయ్యాళిని లొంగదీయడం’ నాటకపు ఛాయ సరోజ–రాజా కథాభాగంలో స్పష్టంగా కనిపిస్తుంది. అంటే ఒక కన్నడ చిత్రం, ఒక ఆంగ్ల నాటకం, తెనాలి వాడి కథనం, సత్తెనపల్లి సీమవాడి మాటలు కలిస్తే అచ్చమైన తెలుగు ఇల్లుగా ప్రేక్షకులు గుర్తించిన ఇల్లు తయారైంది.

కన్నడంలో ఉన్న గుండమ్మ భర్త తెలుగులో లేడు. ఈ తొలగింపు చిన్న మార్పులా కనిపించినా ఫలితం పెద్దది. భర్త ఉన్న గయ్యాళి భర్త అసమర్థతకు గుర్తుగా మిగులుతుంది. భర్త లేని గుండమ్మ తన ఆస్తికి తానే యజమానురాలు. ఆమె నోటి దురుసు వెనుక ఒంటరి ఆడది ఆస్తిని కాపాడుకోవలసిన అవసరం ఉంది. సవతి కూతురు లక్ష్మి చేత చాకిరీ చేయించడం, కన్నకూతురు సరోజను గారాబం చేయడం ఆమె క్రూరత్వమైతే, ఎదుటివాడు తన మీద ఆధారపడి ఉన్నాడని నమ్మడం ఆమె బలహీనత. ఘంటయ్య ఆ బలహీనతను ముఖస్తుతితో వాడుకుంటాడు. పనివాడి వేషంలో వచ్చిన అంజి అదే బలహీనతను వినయంతో వాడుకుంటాడు.

అంజి పాత్ర నరసరాజు పద్ధతికి మంచి నమూనా. అతను గుండమ్మను ఎదిరించడు. ఆమె మాటను అమాయకంగా అంగీకరించి, ఆ మాటలోని అన్యాయం దానంతటదే కనిపించే స్థితికి తీసుకువెళతాడు. యజమాని తర్కాన్ని చివరిదాకా నడిపిస్తే అది యజమానికే అడ్డం తిరుగుతుంది. ఇది వాదసభలో ప్రత్యర్థి ప్రతిపాదనను ఒప్పుకొని దాని అసంబద్ధతను నిరూపించే పద్ధతి వంటిదే. మాటలు మాత్రం సభలోవి కావు, వంటింటివి, పెరటివి. ‘మాయాబజార్’ (1957)లో పింగళి నాగేంద్రరావు కొత్త పదాలను సృష్టించి నవ్వించారు. నరసరాజు పాత పదాలనే కొత్త సందర్భంలో నిలిపి నవ్వించారు. అందువల్ల ఆయన సంభాషణలో ఒక వాక్యాన్ని విడదీసి చూపితే నవ్వు రాకపోవచ్చు. సన్నివేశంలో దాని చోటు నుండే బలం వస్తుంది. సంభాషణా రచయితగా ఆయన పేరు పింగళి పేరంతగా ఉదాహరణలలో వినిపించకపోవడానికి ఇదొక కారణం.

అయితే ఈ హాస్యం ఎవరిని వదిలిపెట్టిందో కూడా అడగాలి. గుండమ్మ పెత్తనం ప్రశ్నకు గురైంది. రామభద్రయ్య పెత్తనం గురికాలేదు. స్నేహితుడి కుటుంబాన్ని చక్కదిద్దాలనే ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఇద్దరు కుమారులను మారువేషాలతో పంపి ఇద్దరమ్మాయిల పెళ్ళిళ్ళను ఏర్పాటు చేసే పథకంలో ఆ అమ్మాయిలకు నిజం తెలియదు. సరోజ పని నేర్చుకోవడం ‘దారికి రావడం’గా చిత్రితమైంది. రాజా అబద్ధం మాత్రం తమాషాగా మిగిలింది. ఆస్తి గల స్త్రీ అహంకారం నవ్వుకు తగిన వస్తువైనప్పుడు, మంచి ఉద్దేశం గల పురుషుడి పెత్తనం ఎందుకు కాలేదు? వ్యక్తి స్వేచ్ఛను విలువగా నమ్మిన ఆలోచనాధార కుటుంబ చిత్రపు చట్రంలో ఎంతవరకు నిలవగలదో ఈ ప్రశ్న తెలుపుతుంది. చిత్రపు ఆదరణ ఆ పరిమితిని కప్పివేయకూడదు.

5. భయం మీద నిలిచిన అధికారం – ‘రాముడు భీముడు’:

కారంచేడు రైతుకుటుంబం నుండి మద్రాసు వెళ్ళిన డి.రామానాయుడు సురేష్ ప్రొడక్షన్స్ తొలి చిత్రంగా నరసరాజు కథను ఎంచుకున్నారు. తాపీ చాణక్య దర్శకత్వంలో ‘రాముడు భీముడు’ 1964లో విడుదలైంది. నాటి గుంటూరు జిల్లా మెట్ట, డెల్టా గ్రామాల నుండి వచ్చిన ఇద్దరి కలయిక ఒక ప్రముఖ నిర్మాణసంస్థకు పునాది అయింది.

కవలల తారుమారు ప్రపంచసాహిత్యంలో పాత వస్తువే. రోమన్ నాటకకర్త ప్లాటస్, అతని నుండి షేక్స్పియర్ దాన్ని వాడుకున్నారు. వారి నాటకాలలో నవ్వు పొరపాటు నుండి పుడుతుంది. నరసరాజు కథలో నవ్వు పోలిక నుండి పుడుతుంది. ఆస్తికి వారసుడైన రాముడు తన ఇంట్లోనే బావగారి కొరడాకు వణుకుతూ బతుకుతాడు. అదే ముఖంతో భీముడు అడుగుపెట్టగానే కొరడా చేతులు మారుతుంది. ఇల్లు అదే, మనుషులు వారే, చట్టం కూడా మారలేదు. మారినది భయం ఒక్కటే. అధికారానికి ఆధారం ఏమిటన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన దృశ్యసమాధానం జనరంజక చిత్రాలలో అరుదు.

ఈ సూత్రం భాషల సరిహద్దులను సులభంగా దాటింది. తాపీ చాణక్యే తమిళంలో ఎం.జి.రామచంద్రన్‌తో ‘ఎంగ వీట్టు పిళ్ళై’ (1965), హిందీలో దిలీప్‌కుమార్‌తో ‘రామ్ ఔర్ శ్యామ్’ (1967) తీశారు. రెండింటి నిర్మాణమూ నాగిరెడ్డిదే. రచయిత జన్మించిన తాలూకా పేరు తెలియని ప్రేక్షకులు కూడా ఆయన కథకు నవ్వారు.

6. దేవతల కార్యాలయం – ‘యమగోల’:

1967లో ఎ.వి.ఎం. సంస్థ ‘భక్త ప్రహ్లాద’కు పనిచేసిన రచయిత పదేళ్ళ తర్వాత ‘యమగోల’ (1977)కు మాటలు రాశారు. హేతువాద నేపథ్యం గల రచయితకు పురాణవస్తువు విరుద్ధమనిపించవచ్చు. కానీ తండ్రి శాసనాన్ని ప్రశ్నించే బాలుడిలోను, యముడి తీర్పును ప్రశ్నించే యువకుడిలోను ఒకే నాటకీయ సంఘర్షణ ఉంది. మొదటిదాంట్లో ప్రశ్నకు భక్తి ఆధారం, రెండవదాంట్లో తర్కం ఆధారం.

‘యమగోల’కు మూలం ‘యమాలయే జీబంత మానుష్’ (1958) అనే బెంగాలీ చిత్రం. తాతినేని రామారావు దర్శకత్వంలో వచ్చిన తెలుగు రూపంలో యమలోకం ఒక ప్రభుత్వ కార్యాలయంలా కనిపిస్తుంది. చిట్టాలు, పద్దులు, హోదాలు, అసంతృప్తిగల ఉద్యోగులు అక్కడ ఉంటారు. కథానాయకుడు భటులకు హక్కుల గురించి చెబుతాడు. యముడు, చిత్రగుప్తుడు భూమి మీదకు వచ్చి సామాన్యుడి అవస్థలు పడతారు. అత్యవసర పరిస్థితి 1977 మార్చిలో ముగిసింది. అదే సంవత్సరం అక్టోబరులో చిత్రం విడుదలైంది. ప్రశ్న అడగడమే నేరమైన కాలం గడిచిన వెంటనే, ప్రశ్నకు తావులేని ధర్మాసనం ముందు ఒకడు నిలబడి వాదించడం ప్రేక్షకులకు కేవలం పౌరాణిక వినోదంగా అనిపించి ఉండదు. ‘పెద్దమనుషులు’లో పురపాలక సంఘాధ్యక్షుడి మీద మొదలైన విచారణ ఇక్కడ యమధర్మరాజు వరకు సాగింది.

7. హాస్యరచయిత హోదా – ఒక పోలిక:

నరసరాజు కృషిని విస్తృత సందర్భంలో ఉంచడానికి బ్రిటన్ ఉదాహరణ ఉపకరిస్తుంది. రే గాల్టన్, అలాన్ సింప్సన్ యుక్తవయసులో క్షయవ్యాధితో మిల్ఫర్డ్ శానటోరియంలో చేరి అక్కడే పరిచయమై జంట రచయితలయ్యారు. చక్రపాణి కూడా క్షయవ్యాధితో మదనపల్లె శానటోరియంలో గడిపి, అక్కడే బెంగాలీ నేర్చి రచయితగా మలుపు తిరగడం ఆసక్తికరమైన సామ్యం. బి.బి.సి. రేడియోలో గాల్టన్, సింప్సన్‌ల ‘హాంకాక్స్ హాఫ్ అవర్’ మొదలైనది 1954లో, అంటే ‘పెద్దమనుషులు’ వచ్చిన ఏడాది. వారి టెలివిజన్ ధారావాహిక ‘స్టెప్టో అండ్ సన్’ 1962లో, అంటే ‘గుండమ్మ కథ’ వచ్చిన ఏడాది ఆరంభమైంది. ఒకే ఇంట్లో ఇరుక్కుపోయిన మనుషుల పెత్తనాలు, ఆధారపడడాలు అక్కడా హాస్యవస్తువులే.

తేడా ముగింపులో ఉంది. ధారావాహికలో తండ్రీకొడుకుల సమస్య తీరకూడదు, తీరితే వచ్చే వారం కథ లేదు. తెలుగు సినిమాలో మూడు గంటలలోపు కుటుంబం కలవాలి. అందుకే అక్కడి హాస్యం చేదును నిలుపుకోగలిగింది, ఇక్కడి హాస్యం చివరకు శుభంగా మారింది. మరొక తేడా గుర్తింపులో ఉంది. వారంవారం రచన అవసరమైన మాధ్యమం రచయిత పేరును శ్రోతలకు అలవాటు చేసింది. తారల ఆకర్షణ మీద నడిచిన సినిమాలో రచయిత పేరు తెరమీద కొన్ని క్షణాలు మాత్రమే నిలిచింది. నరసరాజు తరువాతి కాలంలో ఉషాకిరణ్ మూవీస్ కథావిభాగంలో పనిచేసి, ‘కారు దిద్దిన కాపురం’ (1986)కు దర్శకత్వం వహించారు. ‘తెరవెనుక కథలు’, ‘అదృష్టవంతుని ఆత్మకథ’ రాశారు. తెరవెనుక జరిగినదాన్ని రచయితే చెప్పుకోవలసి రావడం ఆ లోటుకు సాక్ష్యం. ఆయన 2006 ఆగస్టు 28న కన్నుమూశారు.

8. ఉపసంహారం:

నాలుగు చిత్రాల పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

• వేర్వేరు సంస్థలకు, దర్శకులకు రాసినా నరసరాజు హాస్యంలో ఒకే సూత్రం కనిపిస్తుంది. అధికారం తనను తాను సమర్థించుకునే మాటను పట్టుకొని, దాన్ని చివరిదాకా నడిపి, డొల్లతనాన్ని చూపడం ఆ సూత్రం.

• ఆ సూత్రానికి గుంటూరు జిల్లా హేతువాద, మానవవాద వాతావరణం భావపునాది. వాణిజ్యపంటల సీమలోని ఆస్తి, పరువు సంబంధాలు దానికి వస్తుపరమైన నేపథ్యం.

• మూలాలు నార్వే, కన్నడ, బెంగాలీ భాషలవైనా సందర్భాన్ని తెలుగు సంఘానికి తగినట్లు పునర్నిర్మించడం స్వతంత్రరచనతో సమానమైన పని. దాన్ని ‘మాటలు’ అనే శీర్షికకు పరిమితం చేయడం చారిత్రకంగా సరికాదు.

• పురపాలక అధికారాన్ని, భయం మీద నిలిచిన అధికారాన్ని, దైవాధికారాన్ని ప్రశ్నించిన ఈ హాస్యం ఇంటిపెద్ద అయిన పురుషుడి అధికారం దగ్గర మెతకబడింది.

హాస్యచిత్రాల పాఠాలను చిత్రాల నుండి నేరుగా రాతలోకి ఎత్తి భద్రపరచడం, మూలాలతో సన్నివేశాల వారీగా పోల్చడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేపట్టదగిన పని. నాటకపాఠానికి ఇచ్చే గౌరవం సంభాషణాపాఠానికి కూడా లభించినప్పుడే, మూడు తరాల తెలుగువారు కలిసి నవ్విన నవ్వుకు రచయిత ఎవరో సాహిత్యచరిత్రలో నమోదవుతుంది.